పల్లెత్తు మాట

తమ్ముడి ఇంట్లో వంటగది అక్కది. ముందుగది పిల్లల పుస్తకాలది, పడగ్గది మొగుడూ పెళ్ళాల అలకలది, టీవీ ఎవరి చేతికి దొరికితే వాళ్ళది. వంటగది మాత్రం అక్కది. దాహమేస్తే గుమ్మంలో నిలబడి అడగాలి తప్ప, లోపలికొచ్చి గిన్నె మీద మూత తీసే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె కోపిష్టేమీ కాదు. తాను ఆ ఇంటికి బరువు కాదని పూటపూటకీ రుజువు చేసుకునేది అక్కడే కాబట్టి, అందులో ఇంకొకరి చెయ్యి పడితే తట్టుకోలేకపోయేది.

ఆమె రాకముందు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది టీ కోసమే. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ భవనంలో ఎవరు మధ్యలో ఇరుక్కుపోయినా ఫోన్ అతనికే వచ్చేది, తిండి వేళా నిద్ర వేళా అని చూసేది కాదు. మరదలు కళ్ళద్దాల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేసి, కాళ్ళు పీక్కుపోతుంటే ఇల్లు చేరేది. దారిలోనే ఏదో ఒక అట్టపెట్టె చేత పట్టుకొచ్చేది. పిల్లలు దాన్ని వేడి చేసుకుని టీవీ ముందు కూర్చుని తినేవాళ్ళు. అల్మారా నిండా పొడి సూపులు, డబ్బా మాంసం, వేడినీళ్ళు పోస్తే ఉబ్బే సేమ్యాలు. కూతురి మొహం పాలిపోయి ఉండేది. కొడుక్కి తరచూ కడుపునొప్పి.

అక్క వచ్చిన వారం తిరక్కుండానే ఆ అల్మారా మొత్తం ఒక గోనెసంచిలోకి దులిపి మెట్ల కింద పెట్టేసింది. ఇది తిండి కాదమ్మాయ్, అట్టపెట్టె మీద బొమ్మ అని మరదలికి చెప్పింది. ఆనాటి నుంచీ ఆ ఇంట్లోకి పొట్లం రాలేదు. తెల్లారక ముందే లేచి పిండి పిసికి గుడ్డ కప్పేది. అది పొంగేలోపు ముందురోజు నానబెట్టిన చిక్కుడుగింజలు ఒకవైపు ఉడికేవి, కోడి ఎముకలు ఇంకోవైపు సన్నటి సెగ మీద గంటలకొద్దీ మరిగేవి. టొమాటోలు ఉడకబెట్టి తొక్కా గింజా వడగట్టి సీసాల్లో పోసేది. వేరుశనగలు వేయించి, నూరి పిల్లల రొట్టెకు రాసేది. పొద్దున్నే ఐదుగురికీ ఐదు డబ్బాలు బల్ల మీద వరసగా ఉండేవి. ఐదోది తనకే. దాన్ని వంటగదిలోనే కూర్చుని, అందరూ వెళ్ళాక తినేది.

పిల్లల మొహాల్లోకి రక్తం వచ్చింది. పిల్లాడి కడుపునొప్పి పోయింది. మా వదిన ఉంది కాబట్టి బతికిపోయాం అని మరదలు దుకాణంలో అందరికీ చెప్పుకునేది. మెట్లు దిగుతూ రొట్టె వాసన పీల్చిన పొరుగింటావిడ ఆగి, మీ ఇంట్లో పుట్టినా బాగుండేదమ్మా అని అనేది. ఆ మాట విన్నరోజు అక్క నడక వేరుగా ఉండేది.

ఆమె ఆ ఇంటికి ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఒక మధ్యాహ్నం తమ్ముడు ఊరికే పలకరించి పోదామని అక్కాబావల ఇంటికి వెళ్ళాడు. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కూరలో ఉప్పు లేదంటూ కంచం విసిరాడు. అంచు తగిలి అక్క కనుబొమ చీలింది. ఆమె ముందు గోడ తుడిచి, ఆ తర్వాత కనుబొమ తుడుచుకుంది. చీలిన కనుబొమ కంటే ఆ వరస చూసి తమ్ముడికి ఏడుపొచ్చింది. సాయంత్రానికల్లా ఒక్క సంచితో అక్కను వెంటబెట్టుకుని వచ్చేశాడు. బావగారు గుమ్మం దాకా కూడా రాలేదు, ఆ మహానుభావుడికి మధ్యాహ్నం నిద్ర ముఖ్యం.

కనుబొమ మానింది కానీ చేతికి మాత్రం ఆ భయం పోలేదు. ఏ కూర వండినా ఉప్పు దగ్గరికొచ్చేసరికి ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగేవి, ఆగి ఇంకో చిటికెడు తీసేవి. దానికితోడు కొన్నేళ్ళ కిందట ఒక చెడ్డ జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ నోరంతా చప్పన చేసి పోయింది. జ్వరం నోరు, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకుంది. ఆ తర్వాత ఆ సంగతి మర్చిపోయి, తప్పు ఉప్పు మీదికి నెట్టింది. ఈ మధ్య వచ్చే ఉప్పులో సారం ఉండటం లేదు, సగం సుద్ద కలుపుతున్నారు అని మరదలితో అనేది. మరదలు అవును వదినా అని ఇంకో రకం తెచ్చేది. అదీ సుద్దే. ఇంకోటి తెచ్చేది. లోకంలో ఉప్పు అమ్మేవాళ్ళందరూ కలిసి తన మీదే కుట్ర పన్నారని అక్క నిశ్చయించుకుని, చిటికెడు పోయి గుప్పెడు దాకా వచ్చింది.

చూడదలుచుకుంటే చాలా కనిపించేవి. ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద నీళ్ళ జగ్గు ఒక్క పూటలోనే మళ్ళీ మళ్ళీ నింపాల్సి వచ్చేది. పిల్లలు నీళ్ళు బాగా తాగుతున్నారు, ఒంటికి మంచిది అని అక్క సంబరపడేది. తమ్ముడితో కలిసి పనిచేసే పొడుగాయన ఒకప్పుడు అక్క డబ్బా తెరవగానే మీద పడేవాడు. తర్వాత తర్వాత కడుపులో బాగాలేదని చెప్పి దూరంగా కూర్చోవడం మొదలుపెట్టాడు. వాళ్ళావిడకు కుళ్ళు పుట్టి ఉంటుందిలే అని అక్క తేల్చేసింది. ఎవరి డబ్బాలూ మెతుకు మిగలకుండా, కడిగినంత శుభ్రంగా తిరిగొచ్చేవి. వంట చేసే మనిషికి అంతకంటే ఏం కావాలి? ఇన్నేళ్ళలో ఆమె వంటను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎలా ఉంది అని అడగడమే ఆలస్యం, బాగుంది అని నాలుగు మూలల నుంచీ వచ్చేది.

తమ్ముడికి రక్తపోటు ఉందని తెలిసిన రోజు, డాక్టరమ్మ బయటి తిండి తింటారా అని అడిగింది. అక్క కూడా పక్కనే కూర్చుని ఉంది. లేదండీ, అంతా ఇంటి వంటే, పిండి దగ్గర్నుంచీ మా వదినే చేస్తుంది అని మరదలు చెప్పింది. డాక్టరమ్మ సంతోషించి, అయితే సగం మందు మీ ఇంట్లోనే ఉంది అంది. నూనె తగ్గించమంది, ఉప్పు తగ్గించమంది, మాంసం మీద కొవ్వు తీసెయ్యమంది. అక్క తూచా తప్పకుండా చేసింది. నూనె తగ్గింది, కొవ్వు పోయింది, చక్కెర డబ్బా పై అరలోకి ఎక్కింది. ఉప్పు కూడా తగ్గించింది. తగ్గించి, గరిటెతో అరచేతిలో బొట్టు వేసుకుని చూసుకుంటే బొత్తిగా చప్పన. వాడు రోజంతా భవనాలెక్కి దిగే మనిషి, నోటికి పట్టకపోతే ఒంటికేం పడుతుంది అనుకుని, తీసిన చిటికెడూ మళ్ళీ వేసింది.

మాత్రలు ఒకటి రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. తమ్ముడి కాళ్ళు సాయంత్రానికి ఉబ్బేవి. నిలబడే పని కదా అనుకున్నారు. ఒకరోజు ఒక ఎత్తైన భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో పనిచేస్తూ చేస్తూ అతను కిందికి వాలిపోయాడు. పొడుగాయన చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగకపోతే లిఫ్టు దిగే గుంతలోంచి ఏరుకోవాల్సి వచ్చేదే. ఆసుపత్రిలో చేర్చారు. కిడ్నీలు చాలావరకు చెడిపోయాయని చెప్పారు. ఇప్పటికైనా నోరు కట్టుకుంటే మిగిలింది నిలుస్తుంది, లేకపోతే ఇక జీవితాంతం రక్తం శుద్ధి చేసే యంత్రమే అన్నారు. ఉప్పు అన్నది ఒక్క రవ్వ కూడా లోపలికి పోకూడదు.

మర్నాడు ఉదయం అక్క అతనికోసం సూపు చేయడానికి నిలబడింది. ఉప్పు డబ్బాను ముందే తీసి ముందుగదిలో పెట్టి వచ్చింది, అలవాటు కొద్దీ చెయ్యి పోతుందేమోనని. ఎముకలు కాకుండా ఉత్త కూరగాయలే వేసింది, క్యారెట్లు, ఉల్లిపాయలు, కాస్త బార్లీ. సన్నసెగ మీద మరిగించి, నురుగు తీసి, గరిటెతో అరచేతిలో బొట్టు వేసుకుని నాలుకకు రాసుకుంది.

సరిగ్గా కుదిరింది అనుకుంది. ఉప్పు కూడా సరిపోయింది.

మూత పెట్టబోయి ఆగిపోయింది. మళ్ళీ బొట్టు వేసుకుని చూసింది. అదే రుచి. రోజూ చేసే సూపు రుచే. మీగడ కట్టినట్టు మొద్దుబారిన నాలుకను నోట్లో అటూ ఇటూ తిప్పింది. ముందురోజు మిగిలిన కూర గిన్నె తీసి, అది ఒక చెంచా, ఇది ఒక చెంచా నోట్లో వేసుకుంది. తేడా లేదు. ముందుగదిలోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకుని చిటికెడు నాకింది. ఇసుక నాకినట్టుంది. ఇంకో చిటికెడు. చివరికి గుప్పెడు నోట్లో పోసుకుంది. చాలా సేపటికి, ఎక్కడో దూరంగా, ఉప్పన తగిలింది. అక్క గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఫ్లాస్కు తీసుకెళ్ళడానికి మేనకోడలు వచ్చింది. పెద్ద తరగతి చదువుతున్న పిల్ల, తెలివైనది, లోకం తెలిసినది. గుమ్మంలో ఆగి అత్తా అని పిలిచింది. లోపలికి రమ్మని, అక్క ఆమె చేతికి రెండు చెంచాలిచ్చింది. నిన్నటి కూర ఒకటి, ఇవాళ్టి సూపు ఒకటి. ఏది ఎలా ఉందో చెప్పమంది. పిల్ల రెండూ నోట్లో వేసుకుంది. కూర మింగేటప్పుడు గొంతు కదిలింది గానీ మొహం కదల్లేదు. అంత బాగా నేర్చుకుంది.

"రెండూ బాగున్నాయత్తా."

"మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు," అంది అక్క. "ఇప్పుడు కూడా బాగుందనే అంటావా?"

పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, మొత్తం చెప్పేసింది. అత్త ఇంటికొచ్చిన రోజే నాన్న అమ్మనూ పిల్లాణ్ణీ తననూ మెట్ల మీద నిలబెట్టి మాట తీసుకున్నాడట. అక్క వంటకు ఎవరూ వంక పెట్టకూడదు. మాడినా, పచ్చిగా ఉన్నా, ఉప్పు ఎక్కువైనా తక్కువైనా బాగుందనే అనాలి. ఈ ఇంట్లో నేను అడిగేది ఇదొక్కటే అన్నాడట. అందుకని అందరూ బాగుందనే అన్నారు. అత్త జ్వరం పడి లేచాక కూరలు ఉప్పు కషాయాలయ్యాయి. అప్పుడూ బాగుందనే అన్నారు. పిల్లాడు బడిలో కొళాయి కింద కూరముక్కలు కడుక్కుని తినేవాడు. అమ్మ దుకాణం వెనక వాష్‌బేసిన్‌లో కడిగేది. తను కూడా అంతే. ఇంట్లో తినేటప్పుడు కొంచెమే వడ్డించుకుని నీళ్ళు తాగేవాళ్ళు.

"మరి మీ నాన్న?"

"నాన్న కడిగేవాడు కాదు. అక్క చేసినదాన్ని కడిగి తినడమేంటి అనేవాడు. మొత్తం తినేవాడు."

అక్క ఫ్లాస్కు నింపి, మూత బిగించి, పిల్ల చేతికిచ్చి పంపింది. తర్వాత ఎవరూ లేని ఇంట్లో తన డబ్బాలన్నీ బయటికి తీసి చూసింది. కడిగినంత శుభ్రంగా వచ్చేవి కదా, కడిగినవే. ఎవరి మీద కోపం రావాలో తెలియక, ముందు తన మీద వచ్చింది. పొట్లాల తిండి విషమని గోనెసంచికెత్తిన మనిషి, అంతకు మించిన విషాన్ని తెల్లారకముందే లేచి, చేతులు నొప్పి పుట్టేలా పిసికి, నూరి, వడగట్టి మరీ పెట్టింది. ఆ తర్వాత వాళ్ళ మీద వచ్చింది. ఆ కోపానికి మాటలు దొరకలేదు.

మాటలు ఆసుపత్రి వరండాలో దొరికాయి. మరదలు బెంచీ మీద కూర్చుని ఉంది, కళ్ళ కింద నల్లగా. అక్క పక్కన కూర్చుని, ఉప్పు కొని తెచ్చేది నువ్వే కదా అమ్మాయ్, ఎన్ని సార్లు తెచ్చావో నీకు తెలీదా అని అడిగింది. తెలుసు అంది మరదలు. చాలాసార్లు నోటిదాకా వచ్చిందట. వచ్చినప్పుడల్లా, అక్క వచ్చిన కొత్తలో గరిటె కింద పడితే చాలు చేతులు మొహానికి అడ్డం పెట్టుకునేదని, అది గుర్తొచ్చి ఆగిపోయేదట. ఆయనతో ఒకసారి గట్టిగా పోట్లాడింది కూడా. చెబితే మా అక్క ఇంకోసారి కంచం దెబ్బ తిన్నట్టే అని ఆయన రెండ్రోజులు మాట్లాడలేదట.

"మా ఇంట్లో ఆయన ప్రాణం కంటే మీ మనసే పెద్దదైపోయింది వదినా," అంది చివరికి మరదలు.

మాట పదునుగానే తగిలింది. కానీ అక్కకు ఎందుకో ఆ నిమిషాన ఊపిరాడినట్టయింది. ఇంకో మాట అను, ఇంకా అను అన్నట్టు మరదలి మొహంలోకి చూసింది. మరదలు మాత్రం అప్పటికే నాలుక కరుచుకుంది. అలసటలో ఏదో అనేశాను, తప్పుగా అనుకోకండి, మీరు లేకపోతే మా పిల్లలు ఏమయ్యేవాళ్ళు అంటూ అక్క చెయ్యి పట్టుకుని నిమిరింది. ఆ నిమరడం అక్కకు ఇందాకటి మాట కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. సొంత మనుషులు ఇలా నిమరరు. ఈ మరదలే తన కూతుర్ని గిన్నె సరిగ్గా తోమలేదని తలుపులదిరేలా తిడుతుంది. మొగుణ్ణి బూట్లు ఎక్కడపడితే అక్కడ విప్పాడని కడిగి పారేస్తుంది. ఆ ఇంట్లో తిట్టు పడని మనిషి ఎవరైనా ఉంటే, అది తనొక్కతే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళనే కదా ఎవరూ ఏమీ అననిది.

తమ్ముణ్ణి కూడా అడిగింది. అతను మంచం మీద వెల్లకిలా పడుకుని, ఉప్పా, నాకెప్పుడూ తేడా తెలియలేదే అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు, నా ఒంట్లో ఉన్న జబ్బుకు నీ వంటేం చేస్తుంది అన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు చిన్నప్పటినుంచీ చెవి రుద్దుకుంటాడు. రుద్దుకుంటూనే ఉన్నాడు.

అతను ఇంటికొచ్చాక అన్నీ మారాయి. వేరే గిన్నె, వేరే గరిటె. అతని రొట్టెకు వేరే పిండి. అక్క వంట మానేస్తానంది. అందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. నువ్వు వండకపోతే ఎలా, ఉప్పు ఒక్కటీ అమ్మాయి చూస్తుంది అన్నారు. అప్పట్నుంచీ ప్రతి పూటా మేనకోడలు వచ్చి గిన్నెలో చెంచా ముంచి చూసి, ఉప్పు తనే వేసి పోయేది. పోతూ పోతూ, చాలా బాగా కుదిరిందత్తా అనేది. అడగకముందే అనేది. వాళ్ళ మొహాల్లోకి చూసి నిజం వెతుక్కోవడం అక్కకు పనైపోయింది. క్యాబేజీ ఒకరోజు అడుగంటింది, వాసన గది దాటి వెళ్ళింది, ఆ వాసన ఆమె ముక్కుకు కూడా తెలిసింది. కొంచెం కాలిన వాసన ఉంటేనే బాగుంటుందన్నాడు తమ్ముడు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. అక్క ఆ రోజు మేనకోడల్ని వంటగదిలోకి పిలవలేదు, తనే చూసుకుంటానంది. తమ్ముడికి చప్పటి కూర విడిగా చేసి, మూత పెట్టి పక్కన ఉంచింది. మిగతావాళ్ళకు చిక్కుడుగింజలూ బంగాళాదుంపలూ కలిపి కూర చేసింది. అందులో ఉప్పు వేసింది. మతిమరుపుతో వేయలేదు, భయంతో వేయలేదు. కళ్ళు తెరుచుకుని, లెక్కలేకుండా, గిన్నె అడుగున కరగకుండా మిగిలేటంత వేసింది. ఒక్కరైనా కంచం తోసేస్తారు, ఇదేం వంట అని మొహాన అడుగుతారు. చాలు, తర్వాత ఏమైనా పడతాను అనుకుంది. పొయ్యి ముందు నిలబడి ఆమె కోరుకున్నది ఆ ఒక్క మాటే.

వడ్డించి, ఎప్పుడూ లేనిది తనూ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్లాడు మొదటి ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళమ్మ వైపు చూశాడు. వాళ్ళమ్మ అప్పటికే ఒక ముద్ద మింగి, మొహం మామూలుగా పెట్టుకుని రొట్టె తుంచుతోంది. మేనకోడలు గ్లాసు ఎత్తి గటగటా తాగి, ఇంకో ముద్ద కలుపుకుంది.

"ఎలా ఉంది?" అంది అక్క.

బాగుందత్తా అన్నాడు పిల్లాడు. బాగుంది అంది మేనకోడలు. గింజలు బాగా ఉడికాయి వదినా అంది మరదలు.

తమ్ముడు తన చప్పటి కూర ముందు కూర్చుని అందరి మొహాలూ చూశాడు. అతనికి అర్థమైంది. పిల్లాడి చెయ్యి కంచంలో ఆగిపోవడమూ, అక్క ఆ చేతినే కళ్ళార్పకుండా చూస్తుండటమూ చూశాడు. ఇంకొక్క క్షణమైతే వాడు కక్కేస్తాడు. అప్పుడు అక్క మనసు విరిగిపోతుంది. అందుకని అతను నవ్వుతూ చెయ్యి చాచి, ఆ గిన్నెలోంచి గరిటెడు కూర తన కంచంలో వేసుకున్నాడు. చప్పటిది తిని తిని నోరు చచ్చిపోయింది, ఒక్క ముద్దకేం కాదు అన్నాడు. ముద్ద నోటిదాకా వచ్చేసింది కూడా.

అక్క అతని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి చేతిలో ముద్ద జారి బల్ల మీద పడింది.

"ఎంత ఉప్పుందో తెలుసారా అందులో? కావాలనే వేశాను. మీలో ఒక్కరైనా నన్ను ఒక మాట అంటారేమోనని వేశాను. నువ్వు చచ్చిపోవడానికైనా సిద్ధపడ్డావు గానీ, నన్ను ఆ ఒక్క మాట అనలేకపోయావు. ఆ కంచం విసిరినవాడైనా ఉప్పు తక్కువైందని చెప్పాడురా. మీరు అది కూడా చెప్పలేదు."

మరదలు రొట్టెముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అక్క అతని చెయ్యి వదల్లేదు.

"తిట్టరా. నీ పెళ్ళాన్ని తిడతావు, నీ పిల్లల్ని తిడతావు. నన్నెందుకు తిట్టవు? నేను నీకేమీ కానా?"

తమ్ముడి కళ్ళు ఎర్రబడ్డాయి. చెవి రుద్దుకోలేదు. ఉబ్బిన మొహం అక్క వైపు తిప్పి, చిన్నపిల్లకు చెప్పినట్టు, ఎంతో ప్రేమగా చెప్పాడు.

"నిన్నెలా అంటానక్కా? వాళ్ళను అంటే అలుగుతారు, మళ్ళీ వస్తారు. నిన్ను ఏదైనా అంటే, నువ్వు ఎక్కడికి పోతావు?"

అక్క అతని చెయ్యి వదిలేసింది. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆమె పుట్టిల్లు ఎప్పుడో చేతులు మారిపోయింది, మొగుడి ఇంటి గుమ్మం తొక్కేది లేదు, చేతికొచ్చిన పని ఇదొక్కటే, దానికి కావలసిన నాలుక పోయింది. ఇన్నేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఆమెకు చెప్పిన బాగుందిలన్నీ అబద్ధాలే, ఇది మాత్రం నిజం. నిజం చెప్పమని అడిగింది తనే.

అక్క లేచి నలుగురి కంచాలూ తీసి, కూర మొత్తం సింకులో పారబోసి నీళ్ళు వదిలింది. తమ్ముడికి చప్పటి కూర మళ్ళీ వడ్డించింది. పిల్లాడు ఆకలిగా చూస్తున్నాడు. వాడికి గుడ్లు ఉడకబెట్టడానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేదాకా అందరికీ వీపు చేసి అక్కడే నిలబడింది.